సెల్ఫ్ డ్రైవ్ సఫారీలో జంతువులు కనిపించాలంటే: క్రూగర్‌లో జూమ్ ఫోన్, బైనాక్యులర్, మా వదిన కళ్లు

కొత్త జూమ్ ఫోన్ రివ్యూ రాసిన ప్రతిసారీ నన్ను ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది: "బ్రో, ఈ జూమ్‌తో నిజంగా ఏం పనుంటుంది?" ఇన్నాళ్లూ నా దగ్గర సరైన సమాధానం లేదు. మేడ మీద నుంచి చందమామను తీశాను, నాలుగు వీధుల అవతల ఉన్న వాటర్ ట్యాంక్ మీద కంపెనీ పేరు తీశాను, శాంపిల్స్ పెట్టి మార్కులు వేసేశాను. గత ఆగస్టులో జోహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేసే మా అన్నయ్య దగ్గరికి వెళ్లినప్పుడు అసలు పరీక్ష దొరికింది. నాలుగు రోజులు, ఒక అద్దె కారు, క్రూగర్ నేషనల్ పార్క్. డ్రైవర్ సీట్లో ఒకరోజు అన్నయ్య, ఒకరోజు నేను. వెనక సీట్లో వదిన.

నా బ్యాగులో 5x పెరిస్కోప్ లెన్స్ ఉన్న ఫోన్, 600 ఎంఎం వరకు వెళ్లే ఒక బ్రిడ్జ్ కెమెరా, రెండు పవర్ బ్యాంకులు. వదిన మెడలో పాత 8x42 బైనాక్యులర్. మొదటి రోజు మూడు గంటల డ్రైవ్‌లో నేను సొంతంగా కనిపెట్టినవి: ఇంపాలాలు. అవి అక్కడ మన ఊళ్లో మేకలంత మామూలు. వదిన కనిపెట్టినవి: రెండు ఖడ్గమృగాలు, ఒక దుమ్ములగొండి, చెట్టు తొర్రలో గుడ్లగూబ, నీళ్లలో కళ్లు మాత్రమే తేలుతున్న మొసలి. నా చేతిలో ఉన్న గ్యాడ్జెట్ల విలువకీ కనిపించిన జంతువులకీ సంబంధమే లేదని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత మూడు రోజులు నేర్చుకున్నది ఇక్కడ పాఠంలా రాస్తున్నా. మీలో ఎవరైనా రేపు అటు వెళ్తే మొదటి రోజు నాలా వృథా కాకూడదు.

ముందు పార్క్ సంగతి

క్రూగర్ దక్షిణాఫ్రికా ఈశాన్య మూలన, మొజాంబిక్ సరిహద్దును ఆనుకుని ఉంటుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 360 కిలోమీటర్లు, విస్తీర్ణం సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. 1898లో సాబీ గేమ్ రిజర్వ్‌గా మొదలై, 1926లో నేషనల్ పార్క్ అయింది. 147 రకాల క్షీరదాలు, 500కు పైగా రకాల పక్షులు. జీపు, గైడు ఏమీ అక్కర్లేకుండా మామూలు చిన్న కారులో మనమే నడుపుకుంటూ తిరగొచ్చు. అక్కడ కూడా స్టీరింగ్ కుడివైపే, రోడ్డుకు ఎడమవైపే నడపాలి. కాబట్టి మనకు చెయ్యి తిరగడానికి పది నిమిషాలు కూడా పట్టదు.

రూల్స్ కొన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. తారు రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 50, మట్టి రోడ్డు మీద 40. దిగమని రాసి ఉన్న చోట తప్ప కారు దిగకూడదు, తల, చేతులు కిటికీ బయట పెట్టకూడదు. డ్రోన్ ఎగరేయడం నిషేధం, బ్యాగులోంచి తీయాలన్న ఆలోచన కూడా వద్దు. గేట్లు తెరిచే, మూసే సమయాలు నెలను బట్టి మారతాయి. మేం వెళ్లిన ఆగస్టులో ఉదయం 6కు తెరిచి సాయంత్రం 6కు మూస్తారు. సాయంత్రం ఆలస్యమైతే జరిమానా.

ఎప్పుడు వెళ్లాలంటే మే నుంచి సెప్టెంబర్ మధ్య. అక్కడ అది చలికాలం, వానలుండవు. గడ్డి ఎండి పలచబడుతుంది, ఆకులు రాలిపోతాయి, చిన్న చిన్న గుంటల్లో నీళ్లు ఇంకిపోయి జంతువులన్నీ నదులకీ చెరువులకీ వస్తాయి. డిసెంబర్, జనవరిలో పచ్చగా అందంగా ఉంటుంది, కానీ రోడ్డు పక్కన పది అడుగుల్లో సింహం పడుకున్నా గడ్డి మాటున కనబడదు. అద్దె కారు తీసుకునేటప్పుడు కాస్త ఎత్తైనది తీసుకోమని చెప్పడానికి కారణం కూడా ఇదే. ఆఫ్‌రోడ్ గొప్పల కోసం కాదు, గడ్డి పైనుంచి చూడ్డానికి.

20లో వెళ్తేనే కనిపిస్తాయి

50 కిలోమీటర్ల వేగం చాలా తక్కువనిపిస్తుంది. లెక్క వేసి చూడండి, సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఒక పొదను కన్ను పట్టుకుని "అది రాయా, జంతువా" అని మెదడు తేల్చుకునేలోపు ఆ పొద వెనక్కి పోయింది. 20లో వెళ్తే సెకనుకు ఐదున్నర మీటర్లు. మా డ్రైవ్‌లలో మంచివన్నీ ఈ వేగంలోనే దొరికాయి. అందుకే రూట్ వేసుకునేటప్పుడు మ్యాప్స్ యాప్ చూపించే టైమును నమ్మకండి, గంటకు 25 కిలోమీటర్ల లెక్కన వేసుకోండి. స్కుకుజా క్యాంప్ నుంచి లోయర్ సాబీ క్యాంప్‌కు సాబీ నది వెంట వెళ్లే హెచ్4-1 రోడ్డు 45 కిలోమీటర్ల లోపే. మాకు ఒక ఉదయం మొత్తం పట్టింది.

ఇక కళ్ల విషయం. మన కంటికి స్పష్టంగా కనిపించేది మధ్యలో చాలా చిన్న భాగమే, చెయ్యి చాచి పట్టుకుంటే రెండు బొటనవేలి గోళ్ల వెడల్పంత. మిగతాదంతా మసకే, కాకపోతే కదలికను పట్టుకోవడంలో ఆ మసక భాగమే దిట్ట. కాబట్టి ముందు ఏ ఒక్క చెట్టునూ గుచ్చి చూడకుండా మొత్తం దృశ్యాన్ని వదులుగా చూడాలి. చెవి ఆడినా, తోక ఊగినా చూపు దానంతటదే అటు లాగుతుంది. ఏమీ కదలకపోతే అప్పుడు వరసగా వెతకాలి. వదిన చెప్పిన చిట్కా ఒకటి నాకు బాగా పనిచేసింది: కుడి నుంచి ఎడమకు చూడడం. మనం చదివేది ఎడమ నుంచి కుడికి కదా, అలా చూస్తే కళ్లు చదివినట్టే గబగబా జారిపోతాయి. తిరగేసి చూస్తే నెమ్మదిస్తాయి.

ఇంకో సంగతి, పొదను కాదు, పొద లోపలి నీడను చూడండి. ఆ అడవిలో గీతలన్నీ నిలువుగా ఉంటాయి, చెట్ల మొదళ్లు, గడ్డి, కొమ్మలు. జంతువు వీపు మాత్రం అడ్డగీత. నిలువు గీతల మధ్య అడ్డగీత కనిపిస్తే ఆగండి. పదిలో ఏడుసార్లు అది పడిపోయిన మోడే అవుతుంది. మిగతా మూడుసార్ల కోసమే ఆగడం. చిరుత కోసమైతే పెద్ద చెట్ల అడ్డకొమ్మల కింద వేలాడేదేమైనా ఉందా చూడాలి. అందరూ చిరుత ఒళ్లు వెతుకుతారు, దొరికేది తోక.

జంతువులే నోటిఫికేషన్ పంపిస్తాయి

నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది. ఒక ఇంపాలా మంద తలలు దించుకుని మేస్తుంటే అక్కడ ప్రమాదం లేదని అర్థం. అన్నీ తలలెత్తి, చెవులు నిక్కబొడిచి, ఒకే దిక్కుకు చూస్తున్నాయంటే వాటిని చూడకండి, అవి చూసే దిక్కుకు చూడండి. తుమ్మినట్టు బలంగా గాలి వదులుతూ శబ్దం చేస్తే ఇంకా మంచిది. జిరాఫీ మెడ అంత ఎత్తులో ఉంటుంది కాబట్టి అది సీసీ కెమెరా లాంటిది. కదలకుండా ఒకే చోటికి చూస్తూ నిలబడిందంటే అక్కడ సింహం ఉండే అవకాశం బాగా ఉంది.

వర్వెట్ కోతులు ఇంకో మెట్టు పైన. కెన్యాలోని అంబోసెలిలో రాబర్ట్ సేఫార్త్, డొరొతీ చెనీ, పీటర్ మార్లర్ చేసిన పరిశోధన 1980లో వచ్చింది. ఈ కోతులు చిరుతకు ఒక కేక, గద్దకు ఒక కేక, పాముకు ఒక కేక వేస్తాయని వాళ్లు చూపించారు. రికార్డు చేసిన కేకలను స్పీకర్లో వినిపిస్తే చిరుత కేకకు కోతులు చెట్టెక్కాయి, గద్ద కేకకు పైకి చూశాయి, పాము కేకకు నిలబడి నేలను వెతికాయి. అంటే అలర్ట్ టోన్ వేరు, యాక్షన్ వేరు. మనకు కేకల్లో తేడా తెలియకపోయినా కోతులు ఎటు పోతున్నాయో చూస్తే చాలు.

నల్లమలలో అమ్రాబాద్ వైపు సఫారీకి వెళ్లినవాళ్లకు ఇది కొత్తేం కాదు. అక్కడ గైడు కూడా కొండముచ్చు కేక, చుక్కల జింక అరుపు వినే జీపు ఆపిస్తాడు. భాష మారింది, పద్ధతి అదే.

వీటన్నిటికీ ఒక షరతు: వినబడాలంటే కిటికీ దించాలి, పాటలు ఆపాలి. మేం మొదటి రోజు ఏసీ వేసుకుని ప్లేలిస్ట్ పెట్టుకుని తిరిగాం. అడవి మొత్తం మ్యూట్‌లో పెట్టినట్టే.

రోడ్డు కూడా చదవొచ్చు. ఏనుగు లద్దె తడిగా, ముదురు రంగులో ఉంటే ఏనుగు దగ్గర్లోనే ఉంది, ఎండి తెల్లబడితే వెళ్లి చాలాసేపైంది. మట్టి రోడ్డు మీద అడుగుల్లో గోళ్ల గుర్తులు లేకపోతే పిల్లి జాతి, ఉంటే కుక్క లేదా దుమ్ములగొండి (చీతా మాత్రం మినహాయింపు, దాని గోళ్లు పూర్తిగా లోపలికి పోవు). చలి ఉదయాల్లో సింహాలు తారు రోడ్డు మీదే పడుకుంటాయి. అందుకే గేటు తెరిచిన మొదటి గంట వదులుకోకండి. పది దాటితే అవి నీడలోకి పోయి పడుకుంటాయి, సింహం రోజులో ఎక్కువ భాగం నిద్రే.

ఫోన్ జూమ్: లెక్క వేస్తే తెలిసిన నిజం

ఇప్పుడు మన సబ్జెక్ట్‌కి వద్దాం. 5x లెన్స్ అంటే సుమారు 120 ఎంఎం. 36ని 120తో భాగించి దూరంతో గుణిస్తే ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. 50 మీటర్ల దూరంలో అది 15 మీటర్లు. తోక వదిలేస్తే చిరుత ఒళ్లు సుమారు 1.2 మీటర్లు. అంటే ఫ్రేములో 8 శాతం. 12 మెగాపిక్సెల్ ఫోటో వెడల్పు 4,000 పిక్సెల్స్ అనుకుంటే చిరుతకు దక్కేది 320. అదే చిరుత 200 మీటర్ల దూరంలో నది అవతలి ఒడ్డున ఉంటే 80 పిక్సెల్స్, వాట్సాప్ డీపీకి కూడా చాలదు.

30x నొక్కితే? ఆ 5x ఫోటోలోంచే ఆరో వంతు వెడల్పు కత్తిరించడం. 4,000లో మిగిలేది 670 కంటే తక్కువ. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ నింపుతుంది. ఎడ్జ్‌లు పదును పెడుతుంది, జూలు లాంటిది కనిపిస్తే జూలు గీస్తుంది. ఖడ్గమృగం చర్మం మీద నా ఫోన్ అల్లిన డిజైన్ చూస్తే బట్టల షాపులో ప్రింటు గుర్తొచ్చింది. అందంగా లేదని కాదు నా బాధ. చిరుతల ఒంటి మీద మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, పరిశోధకులు ఒక్కో చిరుతను గుర్తుపట్టేది ఆ మచ్చల అమరికతోనే. ఫోన్ మచ్చల్ని ఊహించి గీసిందంటే అది ఇక ఆ చిరుత ఫోటో కాదు. కాబట్టి సఫారీలో ఏఐ జూమ్ ఆప్షన్ ఉంటే ఆపేయండి, 10x దాటకండి.

600 ఎంఎంలో అదే 50 మీటర్ల దగ్గర ఫ్రేము వెడల్పు 3 మీటర్లు, చిరుత 40 శాతం నిండుతుంది. సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4 లాంటి బ్రిడ్జ్ కెమెరాలు ఇక్కడ గెలిచేస్తాయి. నికాన్ పీ1000 అయితే 3,000 ఎంఎం వరకు వెళ్తుంది. కానీ అంత జూమ్‌లో మధ్యాహ్నం ఫోటో తీసి చూడండి, నేల మీది వేడి గాలి అలలు కొడుతూ జంతువు నీళ్లలో ఉన్నట్టు వస్తుంది. లెన్స్ ఎంత ఖరీదైనదైనా ఎండను మోసం చేయలేదు. దగ్గరికెళ్లాలి లేదా ఉదయం తీయాలి. ఏసీ వేసి ఉన్న కారులో అప్పుడే కిటికీ దించి తీసినా ఇదే గొడవ. చల్లగాలి, వేడిగాలి లెన్స్ ముందే కలుస్తాయి. ముందే ఏసీ ఆపి, అద్దం దించి కాసేపు ఆగండి.

ఫోన్ గెలిచిన చోట్లు లేకపోలేదు. ఏనుగుల మంద రోడ్డు దాటుతున్నప్పుడు 600 ఎంఎంలో నాకు కనిపించింది ఒక్క చెవి. ఫోన్ మెయిన్ కెమెరాలో మంద మొత్తం, ధూళి, వెనక ఆగిన కార్లు, అన్నీ వచ్చాయి. వీడియోకి కూడా ఫోన్ స్టెబిలైజేషనే నయం.

చెయ్యి వణుకుకు మందు మాత్రం చాలా చవక. క్యాంపు షాపులో కిలో బియ్యం కొని, అన్నయ్య పాత ఉన్ని సాక్సులో పోసి మూతి కట్టి, సగం దించిన కిటికీ అద్దం మీద పెట్టాం. దాని మీద కెమెరా ఆన్చి, ఇంజన్ ఆపేస్తే ట్రైపాడ్ అక్కర్లేదు. ఇంజన్ ఆపడం ముఖ్యం, ఆ వైబ్రేషన్ కంటికి తెలియదు గానీ 600 ఎంఎంలో ప్రతి ఫ్రేమునూ పాడుచేస్తుంది. నాలుగో రోజు రాత్రి ఆ బియ్యంతోనే అన్నం వండబోతే వదిన ఊరుకోలేదు, అది వేరే కథ.

మార్కులన్నీ బైనాక్యులర్‌కే

కెమెరాతో వెతకడం తప్పు. కెమెరా దొరికిన దాన్ని తీయడానికి, వెతకడానికి కాదు. ఫోన్‌లో 10x పెట్టుకుని పొదలు గాలిస్తుంటే చిన్న కిటికీలోంచి ప్రపంచాన్ని చూస్తున్నట్టు ఉంటుంది, పైగా ఎండలో స్క్రీన్ సరిగా కనబడదు.

8x42లో 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25. కంటికి చేరే వెలుతురు పుంజం వ్యాసం అది. తెల్లవారుజామున మన కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి ఈ అంకె పెద్దగా ఉంటే చీకట్లో కూడా వెలుగు బాగా కనిపిస్తుంది. 10x42లో అది 4.2కి పడిపోతుంది, చెయ్యి వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది, చూపు వెడల్పు తగ్గుతుంది. జేబులో పట్టే 8x21 తీసుకుంటే వెలుతురు 2.6 మాత్రమే, సాయంత్రం పనికిరాదు. ఒక ఎంట్రీ లెవెల్ ఫోన్ ధరకు మంచి 8x42 వస్తుంది, పదేళ్లయినా అప్‌డేట్ అడగదు. ముగ్గురు వెళ్తుంటే ముగ్గురికీ ఒక్కొక్కటి ఉండాలి. "ఇవ్వు ఇవ్వు" అంటూ లాక్కునేలోపు చిరుత వెళ్లిపోతుంది.

చిన్న సలహా: పోలరైజ్డ్ కళ్లజోడు నీటి మీది మెరుపును కోసేసి మొసళ్లను, నీటిఏనుగులను బాగా చూపిస్తుంది. కానీ అదే కళ్లజోడుతో ఫోన్ స్క్రీన్‌ను కొన్ని కోణాల్లో చూస్తే నల్లగా కనిపిస్తుంది. ఫోన్ పాడైందని కంగారుపడకండి, తిప్పి చూడండి. పగటిపూట థర్మల్ మోనోక్యులర్ మీద డబ్బులు పోయకండి. ఎండెక్కాక నేల, రాళ్లు కూడా జంతువంత వేడిగా ఉంటాయి, అన్నీ ఒకే రంగులో వెలుగుతాయి.

యాప్ వెంట పరుగు

రెండో రోజు స్టీరింగ్ నాది. లోయర్ సాబీ దగ్గర సన్‌సెట్ డ్యామ్ ఒడ్డున కారు ఆపుకుని ఉన్నాం. నీటిఏనుగులు, కొంగలు, బద్ధకంగా మొసళ్లు. అప్పుడు ఫోన్ మోగింది: చిరుత, 27 కిలోమీటర్ల దూరం.

క్రూగర్‌లో జంతువులు ఎక్కడ కనిపించాయో చెప్పుకునే 'లేటెస్ట్ సైటింగ్స్' అనే వేదికను నదావ్ ఒసెన్‌డ్రైవర్ 2011లో 15 ఏళ్ల వయసులో మొదలుపెట్టాడు. మన వయసు వాళ్లు మెచ్చుకోవాల్సిన పనే. కానీ ఇలాంటి యాప్‌ల వల్ల జనం వేగంగా నడుపుతున్నారని, జంతువులు రోడ్ల మీద చచ్చిపోతున్నాయని, ఒక్కో చోట కార్లు కిక్కిరిసిపోతున్నాయని పార్కులను నడిపే శాన్‌పార్క్స్ 2016లో బహిరంగంగానే అభ్యంతరం చెప్పింది. ఆ వార్త నేను అంతకుముందే చదివాను. చదివి కూడా కారు తిప్పాను.

50లో వెళ్తే 27 కిలోమీటర్లకు అరగంట పైనే. స్పీడోమీటర్ 65 దగ్గర ఉంది. అన్నయ్య "తమ్ముడూ, నెమ్మది" అన్నాడు. నేను మ్యాప్‌లో చుక్కను చూస్తున్నాను. మలుపు తిరగ్గానే రోడ్డు నిండా ముంగిసలు, పదిహేను ఇరవై ఉంటాయి, చారల ముంగిసలు, పిల్లలతో సహా. బ్రేక్ మీద నిలబడ్డాను. కారు జారుకుంటూ వెళ్లి ఆగింది. ఎవరం మాట్లాడలేదు. దిగడానికి లేదు కదా, కిందకి వంగి చూడ్డానికి కూడా లేదు. వదిన వెనక అద్దంలోంచి చూస్తూ లెక్కపెడుతోంది. కాసేపటికి మా బంపర్ కింద నుంచి ఒక పిల్ల బయటికొచ్చి, ఒకసారి వెనక్కి చూసి, గడ్డిలోకి పరుగెత్తింది. దాని వెనక ఇంకేమీ రాలేదు. మిగతావన్నీ ముందే దాటేశాయని అనుకుంటున్నాం. అనుకుంటున్నాం, అంతే.

చిరుత చోటికి చేరేసరికి పద్నాలుగు కార్లు, చిరుత లేదు. సాయంత్రం క్యాంపులో సైటింగ్స్ బోర్డు దగ్గరికి వెళ్లాం. గోడకు పెద్ద మ్యాపు, దాని మీద జంతువుకో రంగు చొప్పున జనం గుచ్చే బిళ్లలు. ఇంటర్నెట్ అక్కర్లేని యాప్ అన్నమాట. సన్‌సెట్ డ్యామ్ పక్కన కొత్తగా ఒక బిళ్ల. మేం వెళ్లిపోయిన కాసేపటికి రెండు సింహాలు నీళ్లు తాగడానికి వచ్చాయట. నేను ఆ రాత్రే నోటిఫికేషన్లు ఆపేశాను. యాప్ తీసేయలేదు. పాత రోజుల సమాచారం చూసి ఏ రోడ్డు మీద ఎక్కువగా ఏం కనిపిస్తుందో తెలుసుకోవడానికి అది బాగానే ఉంటుంది.

ఖడ్గమృగం ఫోటో పెట్టేముందు

మొదటి రోజు వదిన చూపించిన ఖడ్గమృగాల ఫోటో ఒకటి బాగా కుదిరింది. వేటగాళ్లకు పనికిరాకుండా అధికారులు వాటి కొమ్ముల్ని మొద్దుగా కోసేశారు, ఫోటోలో అది స్పష్టంగా కనిపిస్తోంది. నేను రోడ్డు నంబరుతో సహా స్టేటస్ పెట్టేశాను. అన్నయ్య చూసి, "ఒరేయ్, ముందు అది తీసెయ్" అన్నాడు. కొమ్ము కోసినా మొదట్లో మిగిలే ముక్క కోసం కూడా చంపేస్తారట. క్రూగర్‌లో ఖడ్గమృగాల సంఖ్య వేట వల్లే బాగా పడిపోయింది. అది కనిపించిన రోడ్డు, టైము బయట పెట్టడం అంటే అడ్రస్ ఇచ్చినట్టే.

కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ పార్కులోకి వెళ్లకముందే ఆపేయండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు తొలగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. ఐనాచురలిస్ట్ యాప్ అయితే అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల లొకేషన్‌ను తానే మసక చేసేస్తుంది. అయినా ఫోటో వెనక రోడ్డు గుర్తురాయి ఉంటే ఏ సెట్టింగూ కాపాడదు, అది మనమే కత్తిరించాలి.

మిగతా సర్దుబాట్లు త్వరగా

సిగ్నల్ పెద్ద క్యాంపుల దగ్గర ఉంటుంది, మధ్యలో వస్తూ పోతూ ఉంటుంది. మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దించుకోండి, గేటు దగ్గర కాగితం మ్యాపు పుస్తకం కూడా కొనండి. పక్షుల కోసం మెర్లిన్ యాప్‌లో ఆ ప్రాంతం ప్యాక్ ముందే దించుకుంటే నెట్ లేకుండా పనిచేస్తుంది. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 74 వాట్ అవర్స్, విమానంలో చేతి బ్యాగులోకి ఇబ్బంది లేదు. ప్లగ్ విషయంలో మంచి వార్త: అక్కడి పాత సాకెట్ మన గీజర్లకు వాడే లావుపాటి మూడు పిన్నుల సాకెటే. ఎయిర్‌పోర్టులో ఖరీదైన ట్రావెల్ అడాప్టర్ కొనక్కర్లేదు, మన వీధి ఎలక్ట్రికల్ షాపులో దొరికే కన్వర్టర్ చాలు. దోమల మందు మర్చిపోవద్దు, అది మలేరియా ప్రాంతం. వెళ్లేముందు డాక్టర్‌ని కలవండి.

ఏనుగు విషయంలో మాత్రం ఫోటో కోసం పంతం వద్దు. తల్లికీ పిల్లకీ మధ్యలో కారు పెట్టకండి. మగ ఏనుగు కంటికీ చెవికీ మధ్య తడి చార కారుతూ ఉంటే మదమెక్కిందని గుర్తు, దూరంగా ఉన్నప్పుడే రివర్స్ చేసేయండి. ముందు కారుకు అతుక్కుని ఆగితే రివర్స్‌కు చోటుండదు.

నాలుగో రోజు, 6:20

హెచ్4-1 మీద 20లో వెళ్తున్నాం, అద్దాలు దించి, చలికి వణుకుతూ. ఎడమ పక్క ఇంపాలాలు, అన్నీ తలలెత్తి నది వైపే. నాకు ఈసారి వదిన కంటే ముందే కనిపించింది. "ఆపన్నయ్యా" అన్నాను. ఇంజన్ ఆగాక కోతుల కేకలు వినబడ్డాయి. ఇరవై అయిదు నిమిషాలు కూర్చున్నాం. రెండు కార్లు మా పక్కన ఆగి, "ఏముంది" అని అడిగి, "తెలీదు" అంటే వెళ్లిపోయాయి.

నది ఒడ్డున సికమోర్ అత్తి, మన మేడి చెట్టు చుట్టమే. బైనాక్యులర్‌తో కుడి నుంచి ఎడమకు ఒక్కో కొమ్మా చూస్తున్నాను. మూడో కొమ్మ కింద వేలాడుతున్న తీగ చివర తెల్లగా ఉంది. తీగ మెల్లగా పైకి ముడుచుకుంది.

దూరం 90 మీటర్లు ఉంటుంది. ఫోన్ 5xలో ఆకుల మధ్య ఒక గోధుమరంగు మరక వచ్చింది. బ్రిడ్జ్ కెమెరాలో బియ్యం సాక్స్ మీద పెట్టి తీస్తే ఒక చెవి, భుజం మీద మచ్చలు, కొమ్మ మీద పంజా. ముఖానికి అడ్డంగా ఆకు. ఆ ఫోటోను ఎడిట్ చేయలేదు, ఆకు తీసేసే టూల్ ఫోన్‌లో ఉన్నా వాడలేదు. వదిన బైనాక్యులర్ తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత నాకిచ్చి, ఫ్లాస్కులోంచి టీ పోసింది.